ఓర్పు ఎవరి ఖర్చుమీద?



ఓర్పు మంచిదని చెప్పని పెద్దలు లేరు. బడిలో పంతులు చెప్పును, ఇంటిలో అమ్మ చెప్పును, ఆదివారము మేమును చెప్పుదుము. అయితే ఒక ప్రశ్నను మాత్రము మనము చాల అరుదుగా అడుగుదుము. సంతలో ఉప్పునకును మిరపకాయలకును వెల యున్నట్లు ఓర్పునకును ఒక వెల యున్నది గదా. దానిని చెల్లించుచున్నది ఎవరు? "నేను ఓర్చుకొనుచున్నాను" అని చెప్పుకొనువాడే చెల్లించుచున్నాడా, లేక వాని ప్రక్కన నోరు మెదపక నిలిచియున్న మరియొకరు చెల్లించుచున్నారా? ఈ ప్రశ్న నాకు తట్టినది పుస్తకములో కాదు. ఒక లారీ యింజనులో బిగిసిపోయిన నట్టును గూర్చి వినినప్పుడు. అందుచేత ఆ నట్టు సంగతి మొదట చెప్పెదను.

హైదరాబాదు నగరమునకు పడమట హైటెక్ సిటీ అను చోటున్నది. 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు అచ్చట సైబర్ టవర్స్ అను మేడను ప్రారంభించిరి. అంతకుముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అనునవి మన ఊళ్లవంటి ఊళ్లే. రాతిగుండ్లు, పొదలు, చెరువులు. నేడు అచ్చటి మేడలను తలయెత్తి చూచిన మెడ నొప్పిపుట్టును. కంప్యూటర్ల ముందు కూర్చుండువారిని గూర్చి పత్రికలవారు వ్రాయుచునే యున్నారు. మన పల్లెలనుండి పోయినవారిలో అనేకులు మాత్రము గేటువద్ద కావలి కాయుచున్నారు, వంట చేయుచున్నారు, గదులు ఊడ్చుచున్నారు, బండ్లు నడుపుచున్నారు.

ఆ మేడలలో కాపురముండువారికి నీళ్ల చిక్కు గలదు. ఇందులో ఒక వింత యున్నది. 1908లో మూసీనది పొంగి నగరమును పాడుచేసిన తరువాత, మరల అట్టి ముంపు రాకుండ రెండు జలాశయములు కట్టిరి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను ముగిసినవి. మనవారు గండిపేట చెరువు అనునది ఆ ఉస్మాన్‌సాగరే. అది ఈ మేడలకు కొద్ది మైళ్ల దూరములోనే యున్నది. కృష్ణా గోదావరుల నీళ్లు సయితము గొట్టములద్వారా ఎంతో దూరమునుండి నగరమునకు వచ్చుచున్నవి. అయినను ఎండకాలములో బోర్లు ఎండగానే ట్యాంకరు లారీలు ఆ వీధులలో బారులు తీరును. ఒక్కొక్కటి ఐదువేల లీటర్లు, పదివేల లీటర్లు మోయును.

అట్టి బండి నడుపు యువకుడొకడు కోత పండుగకు ఊరికి వచ్చినప్పుడు నాకు చెప్పిన సంగతి యిది. వాని బండి ఖాళీ రోడ్డుమీద ఎంత దూరము పోయినను ఏ బాధయు లేదట. ఆఫీసుల వేళ సైబర్ టవర్స్ కూడలి దగ్గర ఆగుచు కదలుచు పోవునప్పుడు మాత్రము వేడి చూపు ముల్లు ఎఱ్ఱగీతను తాకుచుండెను. ఒకనాడు ఐదువేల లీటర్ల నీళ్లు వీపున మోయుచున్న ఆ బండి, తన కడుపులోని రెండు బక్కెట్ల నీళ్లను చల్లార్చుకొనలేక రోడ్డు ప్రక్కన ఆగిపోయెను. ఎట్లో దానిని ఒక మెకానిక్కు షెడ్డునకు చేర్చిరి.

ఇంజను లోపల నిప్పు మండుచుండును గనుక దాని చుట్టు నీళ్లు తిరుగుచుండవలెను. వాటిని త్రిప్పునది వాటరు పంపు. వేడెక్కిన నీళ్లు ముందున్న రేడియేటరులోనికి వచ్చి, గాలికి చల్లారి, మరల లోనికి పోవును. బండి వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే చాలును; నిలిచియున్నప్పుడు గాలిని లాగుటకు ఫ్యాను కావలెను. కొన్ని బండ్లలో ఆ ఫ్యానునకును పంపునకును నడుమ ఒక క్లచ్చు ఉండును. దాని లోపల చిక్కని సిలికాన్ నూనె, దాని ముఖమున రెండు లోహములు కలిపి అతికిన చిన్న రేకు. వేడిగాలి తగిలినప్పుడు రేకు వంగి లోపలి సందును తెరచును. నూనె అందులోనుండి వచ్చి ఫ్యానును గట్టిగా త్రిప్పును. చల్లబడినప్పుడు నూనె వెనుకకు పోవును, ఫ్యాను నెమ్మదించును. నూనె కారిపోయినచో ఎంత వేడిలోనైనను ఫ్యాను సోమరివలె తిరుగును. ఖాళీ రోడ్డుమీద బాగుగానుండి రద్దీలో బండి ఉడికిపోవుటకు కారణమిదే. షెడ్డులోని ముసలి ఉస్తాదు క్లచ్చు అంచున జిడ్డునకు దుమ్ము అంటియుండుట చూచి రోగమును కనిపెట్టెను.

రోగము తెలిసెను గాని క్లచ్చు ఊడిరావలెను గదా. పెద్ద లారీలలో చాలవాటికి ఫ్యాను బోల్టులతో బిగింపబడియుండును. ఈ బండిలో అట్లు కాదు. క్లచ్చు వెనుక ఒక పెద్ద నట్టు ఉన్నది. అది తిన్నగా పంపు ఇరుసుమీది మరకు ఎక్కును. ఆ మరను ఏ దిక్కునకు కోయవలెనో చేసినవారు బాగుగా ఆలోచించి కోసిరి. ఇరుసు ముందుకు తిరుగుచుండగా ఫ్యాను గాలి బరువునకు వెనుకకు లాగుచుండును. ఆ లాగుడు నట్టును విప్పకూడదు, బిగింపవలెను. కాబట్టి ముందు నిలిచి చూచువానికి గడియారపు ముల్లువలె తిరుగు పంపునకు ఎడమ మర పెట్టుదురు. ఎదురు దిక్కున తిరుగు పంపునకు మామూలు కుడి మర పెట్టుదురు. ఇందుచేత బండి నడచిన ప్రతి దినమును ఆ నట్టు మరికొంత బిగియును. దానిలో దుర్బుద్ధి యేమియు లేదు. కొంత త్రుప్పు, కొంత వేడి, మిగిలినదంతయు ఏండ్ల తరబడి చేసిన సేవ.

దానిని విప్పు దిక్కు ఏదనగా, ఫ్యాను తిరుగు దిక్కే. వినుటకు విడ్డూరముగా నుండును గాని లెక్క సరియే. ఇరుసుకంటె వెనుకబడుటచేత బిగిసినది, ఇరుసుకంటె ముందుకు నడిపించినయెడల వదలును. ఎవనికైనను మొదట చేయి పోవునది ఎదురు దిక్కునకే. ఆ షెడ్డులోని కుఱ్ఱవాడును అట్లే చేసెను. పెద్ద పానా తగిలించి, దాని పిడికి పొడవైన గొట్టము తొడిగి, కాలు తన్నిపెట్టి లాగెను. బెల్టు కీచుమనెను, పుల్లీ తిరిగెను, నట్టు పుల్లీతో కూడ తిరిగెను. కదలికయంతయు ఉన్నది గాని విడుదల లేదు. అది చాలదన్నట్లు వాడు లాగినది బిగించు వైపునకే.

ఇంతలో బండి యజమాని ఫోను చేసి, "గ్యాసుతో కోసి పారెయ్యి, ఈ రోజు కిరాయి పోతున్నది" అని కేకలు వేసెను. డ్రైవరు కోయవద్దని బ్రతిమాలుచుండెను. కోసిన పంపు కూడ పాడై ఖర్చు తన జీతములో తీసుకొందురేమో అని వాని భయము. కుఱ్ఱవాడు మరల గొట్టము పట్టుకొనెను.

అప్పుడు ఉస్తాదు, "జర ఆగు బిడ్డా. ముందు ఈ నీళ్లు ఎవరింటికి పోవాలె? అది చెప్పు" అనెను.

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటునకు పోవలెను. తెల్లవారినది మొదలు అచ్చట కుళాయిలు ఎండియున్నవి. ఉస్తాదు తనకు తెలిసిన మరియొక ట్యాంకరువానిని పిలిపించి, గొట్టము పెట్టి నీళ్లన్నియు ఆ బండిలోనికి ఎక్కించి పంపివేసెను. దాని కిరాయి యజమాని గొణుగుకొనుచునే ఇచ్చెనట. ఆ బండి మలుపు తిరిగి పోయిన తరువాత ముసలివాడు బీడీ ముట్టించుకొని, "ఇగ టైము మనది" అనెను.

ప్రియులారా, నేను ఈ వ్యాసము వ్రాయుట ఆ మాటను బట్టియే.

తరువాత జరిగినదానిని త్వరగా చెప్పెదను. మర సందులలోనికి పలుచని నూనె వదలి, చాయ త్రాగి వచ్చి, మరల వదలిరి. రేడియేటరునకును ఫ్యానునకును నడుమ మందమైన అట్ట నిలువున దింపిరి. పుల్లీ తిరుగకుండ దాని బోల్టుల తలలకు ఇనుప పట్టీ అడ్డము పెట్టి కుఱ్ఱవానిని పట్టుకొమ్మనిరి. ఏ దిక్కున విప్పవలెనో బెల్టు త్రోవను చూచి తేల్చుకొనిరి. అటుపిమ్మట ఉస్తాదు పానా కొనమీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టెను. మూడవ దెబ్బకు నట్టు వదలెను. నెమ్మదిగా లాగినప్పుడు పుల్లీ కూడ కదలుటకు వ్యవధి దొరకును. చురుకైన దెబ్బకు ఆ వ్యవధి దొరకదు, నట్టు ఒక్కటియే ఉలిక్కిపడును. క్రొత్త క్లచ్చు ఎక్కించునప్పుడు మరను తుడిచి, చేతితో త్రిప్పి, పానాతో కొద్దిగా మాత్రమే బిగించి విడిచిపెట్టిరి. మిగిలినది బండియే బిగించుకొనునట.

మనుష్యులు నట్టులు కారు. ఈ పోలికను అంతట సాగదీయుట నాకిష్టము లేదు. అయినను బిగిసిపోయిన మనుష్యులు ప్రతి ఊరిలోను ఉన్నారు, వారితో ఏమి చేయవలెనో మనకు తెలియకయున్నది.

ముప్పది యేండ్లు సంఘపు చందా పెట్టె తాళపుచెవి తన మొలను కట్టుకొని ఒక్క పైసా పోనీయని పెద్ద ఒకడున్నాడనుకొనుడి. ఇట్టివారు మీ అందరి సంఘములలోను ఉందురు, పేరు చెప్పనక్కరలేదు. నేడు యౌవనస్థులు లెక్కలు చూపుమన్నయెడల ఆయన మండిపడును. వారు ఆయనను నియంత యందురు. ఆ బిగువు ఎక్కడనుండి వచ్చినది? దొంగతనమునుండి కాదు, నమ్మకమైన సేవనుండియే. ప్రతి దినపు జాగ్రత్త ఆయనను ఒక్కొక్క వెంట్రుకవాసి బిగించినది. "తాళము ఇచ్చివేయుము" అని ఎదురు దిక్కున లాగిన కొలది ఆయన చుట్టములు, స్నేహితులు, కులపువారు అందరు ఆయనతో కూడ తిరుగుదురు, సంఘమంతయు కీచుమనును. "అయ్యా, నీవు ఇన్నాళ్లు ఎట్లు కాపాడితివో మాకును నేర్పుము, నీ తరువాత ఇది చెడకూడదు" అని ఆయన నడచు దిక్కునకే పోయి చూడుడి. ఇది ముఖస్తుతి కాదు. ఆయన సేవ నిజమైనదే. అది ఆయన నిలిచిన చోటునకంటె ఇంకొక అడుగు ముందుకు పోవలసియున్నది, అంతే.

మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత. అది చెట్లకు సరిపోవును. గ్రీసు దేశపు పండితుడు అరిస్టాటిలు, రాతిని పదివేల మారులు పైకి విసరినను పైకి పోవుట దానికి అలవాటు కాదనియు, మనుష్యునికైతే గుణములు అలవాటువలననే వచ్చుననియు బోధించెను. అలవాటున వచ్చినది అలవాటున మారవచ్చునని మనకు ఆశ పుట్టును. అయితే చేయి విడిచిన రాతిని వెనుకకు పిలువజాలమని కూడ ఆయనే వ్రాసెను. ఆయన అంత సులువుగా ఆశపెట్టు మనిషి కాడు. నాకును తొందరగా ఆశపెట్టువారిమీద నమ్మకము తక్కువ.

ఇక ఆ అట్టముక్క. నాకు అన్నిటికంటె నచ్చినది అదే. రేడియేటరు రేకులు కాగితమంత పలుచన. పానా జారినచో గాయపడునది నట్టు కాదు, అవి. పంచాయితీలలో మనము పెద్ద మాటలతో ఒకని మొండితనమును కొట్టుదుము. దెబ్బ జారి వాని భార్యమీద, పదియేండ్ల కూతురిమీద పడును. ఆ రాత్రి ఆ ఇంటిలో అన్నపు కుండ పగులును. మరునాడు మనము వాని మొండితనమును గూర్చియే మాటలాడుకొందుము, కుండను గూర్చి ఎవరును అడుగరు. దెబ్బ వేయకముందే నడుమ ఏమి అడ్డుపెట్టితిమి?

ఇప్పుడు వెల సంగతికి వచ్చెదను. నిర్గమకాండములో మోషే మొదటిసారి ఫరోయొద్దకు పోయి వచ్చిన తరువాత జరిగినది జ్ఞాపకము తెచ్చుకొనుడి. ఫరో హృదయము మెత్తబడలేదు సరిగదా, ఇటుకలు చేయు కూలివారికి గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపలేదు. రాజు మొండితనమునకు వెల చెల్లించినవారు బురద త్రొక్కువారు. దెబ్బలు తినినవారు వారిమీది నాయకులు. వారు వచ్చి మోషేను నిలదీసిరి. మోషే వారిని మీరు ఓర్చుకొనుడని గద్దింపలేదు. తానే దేవునియొద్దకు పోయి, ఈ జనులకు ఎందుకు కీడు కలిగెనని అడిగెను. మనము ప్రసంగములలో ఫరోనుగూర్చి చాల చెప్పుదుము. ఆ గడ్డి లేని ఇటుకల అధ్యాయమును తొందరగా దాటిపోవుదుము.

మన ఊళ్లలో త్రాగివచ్చి భార్యను కొట్టు భర్తలున్నారు. ఆమె వచ్చి అయ్యగారి అరుగుమీద కూర్చుండి ఏడ్చును. "ఓర్చుకో తల్లీ, ప్రార్థన చేయుము, ఒకనాటికి మారును" అని చెప్పి పంపుట చాలచోట్ల వాడుక. ఆ మాట చెప్పిన పెద్ద ఇంటికి పోయి భోజనము చేసి నిద్రించును. ఓర్పు అని పేరు పెట్టినది ఆయన. వీపు మాత్రము ఆమెది. ఒకరి వీపుమీద మరియొకరు ఓర్చుకొనుట ఓర్పు కాదనియే నా తలంపు. అప్పు చేసినది ఒకడు, తాకట్టు పడినది మరియొకరు.

ఇట్లనిన వెంటనే కొందరు, "అయితే ఆ భర్తను కోసి పారవేయుదుమా? వానికి రక్షణ లేదా?" అని అడుగుదురు. మంచి ప్రశ్న. ఆ బండి యజమాని చెప్పినదియు అదే గదా, కోసివేయుమని. ముసలి ఉస్తాదు కోయలేదు. అట్లని కొండాపూర్‌లోని కుటుంబములను కుళాయి క్రింద బిందెలు పెట్టుకొని సాయంకాలమువరకు కాచుకొనుడనియు చెప్పలేదు. మొదట వారి నీళ్లు వారికి పంపెను. కాచుకొనియున్నవారు లేనప్పుడే నట్టుతో ఎంతసేపైనను గడుపుటకు వానికి వీలు కలిగెను. తొందరపాటును ఓర్పును ఒకదానికొకటి శత్రువులని మనము అనుకొందుము గాని, ఒకరి విషయములో తొందరపడినవాడే మరియొకరి విషయములో ఓర్చుకొనగలడు.

ఆ స్త్రీ విషయములో నీళ్లు పంపుట యనగా ఏమి? ఆ రాత్రి ఆమెయు పిల్లలును పడుకొనుటకు భయము లేని ఇల్లు. పుట్టినిల్లు దూరమైనచో బస్సు ఖర్చు. దెబ్బలు తగిలినచో ఆస్పత్రికి ఆమెతో పోవుటకు ఒక మనిషి. ప్రభుత్వము 2005లో గృహహింసనుండి స్త్రీలను కాపాడు చట్టము చేసినది. దానినిబట్టి భర్త ఆమెను కొట్టకుండ న్యాయాధిపతి ఉత్తరువు ఇయ్యవచ్చును, ఆమెను ఆ ఇంటిలోనుండి వెళ్లగొట్టుటకు వీలులేదనియు ఉత్తరువు ఇయ్యవచ్చును. 181 అను నంబరునకు ఏ ఫోనునుండియైనను పిలువవచ్చును. జిల్లాలలో సఖి కేంద్రములున్నవి. ఈ సంగతులు మన స్త్రీల సమాజములో ఎందరికి తెలియును? వచ్చే కూటములో బైబిలు స్త్రీ దీనిని చదివి వినిపింపవలెనని నా మనవి.

"ఇంటి గుట్టు వీధికెక్కును గదా అయ్యగారూ" అని ఒక పెద్ద అనవచ్చును. ఎక్కును. సంఘమునకు తలవంపుగా నుండును, నిజమే. ఆ తలవంపు మనము భరించు వెల. ఇన్నాళ్లు ఆమె భరించినదానితో దీనిని తూచి చూచిన త్రాసు ఏ వైపునకు మొగ్గునో నేను చెప్పనక్కరలేదు.

ఆమె క్షేమముగా నున్నదని తెలిసిన తరువాత ఆ భర్తయొద్దకు పోవుదము. వాడు కూలికి పోవునప్పుడు వానితో నడువవచ్చును. సారాయి త్రాగని ఉదయపు వేళ వానితో కూర్చుండవచ్చును. ఒకప్పుడు వాడును మంచి పనివాడే. అప్పులో, నష్టమో, తండ్రి చేతి దెబ్బలో వానిని ఏ దిక్కునకు బిగించినవో తెలిసికొనుటకు నెలలు పట్టవచ్చును. ఒకనాడు గట్టి మాట కూడ చెప్పవలసివచ్చును. వానిని పట్టుకొని నిలుచువారు ప్రక్కనున్నప్పుడే అది చెప్పవలెను. వాడు తలుపు తీయకపోయిన దినమున అరుగుమీద కూర్చుండి తిరిగి రావచ్చును. ఆమె మరల ఆ ఇంటికి పోవుటయో మానుటయో ఆమెయే తేల్చుకొనవలసినది. ఎప్పుడు పోవుదువని ఆమెను అడుగుటకు మనము ఆ సాయంకాలములు గడుపుటలేదు.

మా సంఘ పెద్దలు ఇద్దరు శనివారము సాయంకాలములు ఇందునకై విడిచిపెట్టుటకు ఒప్పుకొనిరి. మూడవవాడు పత్తి తీత అయిన తరువాత చూచెదననెను.